ఉలవచేను వైపు గోడ

లోకంలోని నియమాలన్నీ నా అనుమతి కోసం చేతులు కట్టుకొని వరుసగా నిలబడి ఉన్నాయని నేను మనస్ఫూర్తిగా నమ్మిన రోజులవి. అరవయ్యో దశకం చివరి ఏళ్ళు. విజయనగరంలో బి.ఏ. చదువుతూ, కళాశాల చర్చాపోటీల్లో ఏ పక్షాన నిలబెడితే ఆ పక్షాన మాట్లాడి, చిన్నవీ పెద్దవీ కప్పులు ఇంటికి మోసుకొచ్చేదాన్ని. (పెద్ద కప్పులో మా చిన్నత్త గుండీలు పోసుకొనేది, చిన్నదానిలో హుక్కులు. కీర్తికి అంతకన్న మంచి వినియోగం ఈనాటివరకూ నాకు కనబడలేదు.) ఎవరైనా "ఇది రూలు" అన్నారంటే చాలు, "ఎవరు పెట్టారు, ఎవరి మేలు కోరి పెట్టారు, దానికి విరుద్ధమైన వాదం విన్నారా?" అని నేను మూడు ప్రశ్నలు వేయకుండా ఉండలేకపోయేదాన్ని. రైలు టిక్కెట్టు చూపమన్న పాపానికి ఆమదాలవలస స్టేషనులో ఒక పెద్దమనిషి నా మూడు ప్రశ్నలకూ సమాధానం చెప్పలేక, టిక్కెట్టు చూడకుండానే నన్ను గేటు దాటించాడు. దానిని నేను తర్కానికి లభించిన విజయంగా భావించాను. వెనక నిలబడిన ప్రయాణికుల అభిప్రాయం వేరుగా ఉండి ఉంటుందని ఇప్పుడు ఊహించగలను.

చదువు సాగినంత కాలం నేను మా చిన్నత్త దగ్గరే ఉన్నాను. నాన్నకు చెల్లెలు. మావ కొత్తవలస నుంచి కిరండూల్ వైపు అప్పుడే వేసిన కొత్త రైలు మార్గంలో ఉద్యోగం చేస్తూ, నెలకొకసారి ఎర్రదుమ్ముతో దిగి, తలంటి పోసుకొని, మళ్ళీ కొండలెక్కేవాడు. అందువల్ల ఇంటి వ్యవహారాలన్నీ అత్తవే. అద్దెకున్న వాటాలో నడిమిగదిలో ఆమె కుట్టుమిషను ఉండేది. ఆ గదికి కిటికీ లేదు, పగలే దీపం కావాలి. చేత్తో కుట్టే సూదిలో దారం ఎక్కించడానికి అత్త వీధిగుమ్మం దాకా నడిచివెళ్ళి, ఎండలోకి సూది ఎత్తి పట్టుకొని, ఒక కన్ను మూసి నిలబడేది. మిషను సూదిని గుమ్మానికి మోసుకుపోవడం కుదరదు కనుక దానికి నన్ను పిలిచేది. "ఒలే గుంటా, ఆ మాటలాపి ఈ సూది సూడు" అనే పిలుపు వినబడితే ఎంతటి ఉపన్యాసమైనా అక్కడితో ముగిసేది. ఆమె కళ్ళు రానురాను మసకబారుతున్నాయని మా ఇద్దరికీ తెలుసు. ఇద్దరమూ పైకి అనుకోలేదు.

అత్తకు ఊరి చివర ఒక స్థలం ఉండేది. మిషను సంపాదించిపెట్టిన స్థలమది. వాటా యజమాని తన కూతురి కుటుంబం వచ్చేస్తున్నదనీ, వానల లోపల ఖాళీ చేయాలనీ కబురు పెట్టినప్పుడు, అత్త ఆ స్థలంలో వేసవిలోనే గోడలు లేపాలని నిశ్చయించింది. తాపీమేస్త్రీ కూడా ఒప్పుకొన్నాడు. అయితే వేసవి దాటితే అతడు మరో ఊరి పనికి వెళ్ళిపోతాడు. ఇక కావలసిందల్లా పురపాలక సంఘం అనుమతించిన ప్లాను. "నాకేటీ పెద్ద కోరికల్లేవే. మిషను పక్కన ఎలుతురుండాల. అంతే" అన్నది అత్త.

ఆ ప్లాను నేను గీస్తానన్నాను. దీనికి నాకున్న అర్హత ఏమిటని మీరు అడగవచ్చు. అత్త జాకెట్లకు కొలతలు వేసే ఖాకీ కాగితాల మీద స్కేలు పట్టి గీతలు గీయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మనిషికి కొలత ప్రకారం జాకెట్టు గీయగలిగితే సంసారానికి కొలత ప్రకారం ఇల్లు గీయలేమా అనేది నా వాదం. (ఈ వాదానికి ఎదురుచెప్పగలవారు అప్పుడు ఇంట్లో లేరు.) కనుక ఎనిమిది అడుగులకు ఒక అంగుళం చొప్పున, ఖాకీ కాగితం మీద, అత్త దర్జీ స్కేలుతోనే అత్త ఇంటిని గీశాను. ఆ స్కేలుకు ఒక పక్క చంక వంపు ఉంటుంది. ఎంత జాగ్రత్తపడినా వీధి అరుగు ఒక మూల జబ్బకు కత్తిరించినట్టు వంపు తిరిగింది. దానిని నేను సౌందర్యదృష్టి అని సమర్థించుకొన్నాను.

మిగతా ఇల్లు మాత్రం మా ఊరి ఇంటిలాగే వచ్చింది. మా ఊరు వంశధార ఒడ్డున. అక్కడ వీధికి ఇటూ అటూ ఇళ్ళు ఒకదానికొకటి అంటుకొని ఒకే వరుసగా సాగిపోతాయి. ముందు అరుగు, దాని వెనక ముందుగది, దాని వెనక నడిమిల్లు, దాని వెనక వంటిల్లు, చివర పెరడు. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకే గోడ. మా దూలాల కొసలూ పక్కింటి దూలాల కొసలూ ఆ గోడ మీదనే కూర్చుంటాయి. మా మామ్మ, అంటే నాన్న తల్లి, పాలలోకి తోడు కావాలంటే వీధిలోకి వెళ్ళేది కాదు. రోకలి చివరతో ఆ గోడను తట్టేది. అవతలి నుంచి వాళ్ళూ తట్టేవారు. కాస్సేపటికి పెరటిదారిన తోడు వచ్చేది. నేను పుట్టి పెరిగింది అటువంటి గోడల మధ్య.

శివరాత్రికి అందరమూ శ్రీముఖలింగం వెళ్ళి వచ్చిన మర్నాడు, మా ఊరి ఇంట్లో నేల మీద ఆ కాగితం పరిచి, నాలుగు మూలలా బియ్యం కొలిచే నాలుగు గిద్దలు పెట్టి, కుటుంబసభ జరిపించాను. నాన్న గుమ్మాలన్నీ ఒకే వరుసలో వచ్చాయా లేదా అని వేలితో వీధి నుంచి పెరటి దాకా నడిచి చూశాడు. వచ్చాయి. పొయ్యి ఆగ్నేయంలో ఉన్నదా అని అడిగాడు. ఉన్నది. అత్త తన మిషను చోటు అడిగింది. ముందుగదిలో చూపించి, అరుగు వైపు ఒక కిటికీ, నెత్తిన బంగాళాపెంకుల మధ్య ఒక అద్దపు పెంకు ఇచ్చాననీ, ఇంతకు మించి వెలుతురు రప్పించడం మానవమేధస్సుకు సాధ్యం కాదనీ ప్రకటించాను. అత్త తల ఊపింది. ఆ ఊపులో సంతోషం కంటె సర్దుబాటు ఎక్కువగా ఉన్నదని నేను గమనించకపోలేదు. సభ ముగించే తొందరలో దాటవేశాను. మామ్మ ఒక్కతే చివరిదాకా కాగితాన్ని వదలలేదు.

"పక్కింట్లో ఎవులుంటారే?" అని అడిగింది.

ఇంకా ఎవరూ లేరనీ, ఒక పక్క ఖాళీ స్థలం, రెండో పక్క ఉలవచేను ఉన్నదనీ చెప్పాను.

"మరి తోడు ఎవులిస్తారు?"

అందరమూ నవ్వాము. విషయానికి సంబంధించని ప్రశ్న అని నేను అధ్యక్షస్థానం నుంచి దానిని తోసిపుచ్చాను. ఆ సభలో విషయానికి సంబంధించిన ప్రశ్న అదొక్కటేనని తెలియడానికి నాకు మరికొన్ని రోజులు పట్టింది.

విజయనగరం తిరిగివచ్చి పురపాలక కార్యాలయానికి వెళ్ళాము. అక్కడ ఇళ్ళ ప్లానులు తీసుకొనే గుమస్తా పెద్ద వయసువాడు. ముక్కుపొడుం అలవాటు ఉండడం వల్ల ఊరంతా ఆయనను ఆ పేరుతోనే పిలిచేది. అత్త కాగితం చుట్టను బల్ల మీద పెట్టినా ఆయన దానిని విప్పలేదు. లైసెన్సు ఉన్న సర్వేయరు సంతకం ఉన్నదా అని అడిగాడు. లేదన్నాము. అయితే విప్పే పని లేదన్నాడు. నేను రూల్సన్నీ చదివి వినిపించమన్నాను. పాపం ఓపికగా వినిపించాడు. ప్లాను గీసినవాడికి లైసెన్సు ఉండాలి, ఇంటికి రెండు పక్కలా ఖాళీ జాగా వదలాలి, ఇంకా ఏవేవో. నా మూడు ప్రశ్నలూ లోపలి నుంచి తన్నుకొని బయటికి వచ్చాయి.

ఆ రోజు నేను అక్కడ మాట్లాడినది ఏ పోటీలోనైనా మొదటి బహుమతికి తగినదే. సంతకం లేకపోతే ప్లానును విప్పి చూడరు, సంతకం ఉంటే విప్పి చూడనక్కరలేదంటారు, అటువంటప్పుడు ప్లానును చూసేవారెవరు అని నిలదీశాను. ఇంట్లో కాపురం ఉండబోయేవారి మాటకు లేని విలువ, ఆ ఇంటి గడప తొక్కబోని ఒక అపరిచితుడి సిరాకు ఎక్కడి నుంచి వచ్చిందన్నాను. ఇక పక్కన ఖాళీ జాగా వదలమనడం మనిషికీ మనిషికీ మధ్య ఎడం పెంచే చట్టమనీ, మా వీధిలో గోడకు గోడ ఆనించి బతికినవాళ్ళు ఒకరికొకరు అడ్డమైన రోజు లేదనీ చెప్పి, కొంగు సవరించుకొని ముగించాను. చుట్టూ ఉన్న బల్లల దగ్గర కలాలు ఆగిపోయాయి. ఒకాయన చప్పట్లు కొట్టబోయి పక్కాయనను చూసి మానుకొన్నాడు.

ముక్కుపొడుం గుమస్తా అంతా విని, చిటికెడు పొడుం పట్టి, జేబురుమాలుతో ముక్కు తుడుచుకొన్నాడు.

"బాగా సెప్పినావమ్మా. మా పెద్దమ్మాయీ ఇలగే మాటాడతాది. ఇప్పుడు దీని మీద లైసెన్సున్నాయన సంతకం ఎక్కడున్నాదో సూపించు."

మెట్లు దిగుతుండగా అత్త నెమ్మదిగా ఒక మాట చెప్పింది. ఊళ్ళో లైసెన్సు ఉన్నవాళ్ళు ఇద్దరట. ఒకాయన కాగితం పెడితే తల ఎత్తకుండా సంతకం చేసి ఇచ్చేస్తాడట, ఎవరికీ ఏ బాధా ఉండదట. రెండో ఆయన ప్రభుత్వంలో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఆయన దగ్గరికి వెళ్తే ప్లాను సంగతి దేవుడెరుగు, ముందు ఆయన ప్రశ్నలకు సమాధానాలు చెప్పలేక మనుషులు పారిపోతారట. గీతలు గీసే టీ-స్క్వేరును చేతికర్రలా పట్టుకొని బజారుకు కూడా వస్తాడు కనుక ఆయనకు టీస్క్వేరు గారని పేరు. తల ఎత్తని ఆయన దగ్గరికే పోదామని అత్త అభిప్రాయం. వేసవి ముంచుకొస్తున్నది, వాటా ఖాళీ చేయాలి, ఆమె తొందర ఆమెది. కాని చూడకుండా చేసే సంతకానికి వ్యతిరేకంగానే గదా నేను అంతసేపు మాట్లాడాను! అదే సంతకం అడుక్కోవడానికి నా సిద్ధాంతం ఒప్పుకోలేదు. రెండో ఆయన దగ్గరికే పోయి, సంతకం అడగకుండా, ఈ రూలు తప్పని ఆయన నోటనే అనిపిస్తానన్నాను. అత్త నడిరోడ్డు మీద ఆగి నన్ను ఎగాదిగా చూసి, "ఓలమ్మ, దీన్ని కన్నది మా వదిన, మోసేది నాను" అని మళ్ళీ నడక సాగించింది. (నా సిద్ధాంతాల వల్ల జీవితంలో ఎవరికైనా ఒక మేలు జరిగిందంటే అది ఆ రోడ్డు మీద జరిగినదే.)

టీస్క్వేరు గారు వరండాలో పడకకుర్చీలో ఉన్నాడు. మా రాక కారణం చెప్పగానే, సంతకం అడగడానికి రాలేదని తెలిసి ఆయన ముఖం వెలిగిపోయింది. సంతకం కోసం వచ్చేవాళ్ళతో విసిగిపోయాడట. వాదన కోసం వచ్చినవాళ్ళు ఇన్నేళ్ళలో లేరట. చాప వేయించి, మజ్జిగ తెప్పించి, టీ-స్క్వేరుతో నేల మీద ఒక దెబ్బ కొట్టి, సభ ప్రారంభమైందన్నాడు. తాను రూలు పక్షం, నేను వ్యతిరేకపక్షం, అత్త అధ్యక్షురాలు. అత్త చేతిసంచిలోంచి కాజాలు కుట్టవలసిన జాకెట్టు తీసి ఒళ్ళో పెట్టుకొన్నది. అధ్యక్షస్థానం అంత మంచి ఉపయోగంలో ఉండడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ఆయన వైద్యుడితో మొదలుపెట్టాడు. ఎవడి మందు వాడు రాసుకొంటే ఏమవుతుందన్నాడు. ఎవరి అన్నం వారు వండుకొంటూనే ఉన్నారు గదా, దానికి లైసెన్సు ఎవరిచ్చారన్నాను. ఇల్లు కూలితే బాధ్యత ఎవరిదన్నాడు. కింద పడుకొన్నవాళ్ళదే, అందుకే వాళ్ళకే ఎక్కువ జాగ్రత్త ఉంటుందన్నాను. ఆయన ఉత్సాహంతో కుర్చీ అంచుకు జరిగాడు. నేను చాప మీద నుంచి లేచి నిలబడ్డాను. చివరికి నా దగ్గరున్న గొప్ప ఉదాహరణ బయటికి తీశాను. నాలుగు తరాలుగా మా వీధిలో ఇళ్ళన్నీ మావాళ్ళే కట్టుకొన్నారనీ, ఏ సంతకమూ లేదనీ, ఏ తుపానుకూ ఒక్క ఇల్లు కూడా ఒరగలేదనీ చెప్పాను. ఎందుకు ఒరగలేదని అడిగాడాయన, మెల్లగా.

"ఒక ఇంటి భుజం మీద మరో ఇల్లు చెయ్యి వేసి నిలబడింది గనుక" అన్నాను, రెండు చేతులూ చాచి.

టీస్క్వేరు గారు నేల మీద ఇంకొక దెబ్బ కొట్టి, తాను ఓడిపోయాననీ, ఈ రూలు అన్యాయమైనదేననీ నిండుసభలో (అంటే అత్త ఎదుట) ఒప్పుకొన్నాడు. నా ఒళ్ళు పులకరించింది. ఓడినవాడిగా ఒక్క కోరిక కోరుతానన్నాడు. అంత చక్కగా మాట్లాడిన అమ్మాయి గీసిన ప్లాను ఒకసారి కళ్ళారా చూడాలని ఉన్నదట. విజేతలకు ఉండవలసిన ఔదార్యంతో ఖాకీ కాగితం ఆయన ముందు పరిచాను. కళ్ళద్దాలు తుడుచుకొని వంగాడు. అరుగు వంపు దగ్గర ఒక క్షణం ఆగాడు గాని ఏమీ అనలేదు. తర్వాత ఆయన వేలు ఇంటి కుడి అంచు వెంట పైకీ కిందికీ రెండు మూడుసార్లు తిరిగింది. అక్కడ నేను స్థలం హద్దును చూపే సన్నని చుక్కల గీత గీశాను. ముందుగోడ, వెనకగోడ, గదుల మధ్య అడ్డుగోడలు మాత్రం దళసరిగా నలుపు దిద్ది ఉన్నాయి.

"ఇటుపక్క గోడ ఏదమ్మా?"

"అది పక్కింటివాళ్ళది" అన్నాను, ఆ మాత్రం తెలియదా అన్నట్టు.

"పక్కిల్లున్నాదా?"

"లేదండి. ఉలవచేను."

నోట్లోంచి ఆ మాట వస్తున్నంతలోనే నాకు ఏదో జారిపోతున్నట్టు అనిపించింది. ఎడమ అంచు వైపు చూశాను. అక్కడా చుక్కల గీతే.

"మరి ఉలవచేను నీకు గోడెడతాదేటి?" అన్నాడాయన.

ఇంటికి పక్కగోడలు ఉండాలనీ, వాటిని ఎవరో ఒకరు కట్టాలనీ నాకు ఎన్నడూ తట్టలేదు. నేను పుట్టేసరికే అవి ఉన్నాయి. నాకే కాదు, గుమ్మాలన్నీ లెక్కపెట్టిన నాన్నకూ తట్టలేదు. ఈ ఇంట్లో కాపురం ఉండబోయే అత్తకూ తట్టలేదు. అందరమూ ఆ వరుసలో పుట్టినవాళ్ళమే. పక్కగోడ అంటే మాకు ఆకాశం లాంటిది, అది ఒకరు గీసేది కాదు. పక్కింట్లో ఎవరుంటారని అడిగిన మామ్మ ఒక్కతే గుమ్మం దాకా వచ్చింది. ఆమెను నేనే వెనక్కి పంపాను. టీస్క్వేరు గారికి మా ఊరు సంగతి చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళద్దాలు తీసి, కండువాతో కళ్ళు ఒత్తుకొంటూ, శబ్దం లేకుండా చాలాసేపు నవ్వాడు. నవ్వు ఆగాక, రూలు తప్పని తానన్న మాట వెనక్కి తీసుకోననీ, అయితే ఆ రూలు పెట్టినవాడు మాత్రం పెట్టేముందు నాలాంటి మనిషినెవరినో చూసి ఉంటాడనీ అన్నాడు.

నేను నేలలోకి కుంగిపోవడానికి వీలైన చోటు వెతుక్కొంటున్నాను. అప్పుడు అత్త కాజా కుట్టడం ఆపింది. సభ మొదలైనప్పటి నుంచీ ఆమె మాట్లాడడం అదే మొదటిసారి.

"అయితే బాబూ, ఆ గోడ పక్కింటోలది కాదు. మాదే."

"మీదే."

"మాదైతే, దానికి కిటికీ ఎట్టుకోవచ్చేటి?"

టీస్క్వేరు గారు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకొన్నాడు. "నీ గోడమ్మా. నీ కిటికీ. ఎంత కావాలంటే అంత ఎట్టుకో" అన్నాడు.

"రేపు ఉలవచేనులో ఎవులైనా ఇల్లు కడితే?"

"అందుకే గదా పక్కన జాగా వదలమన్నారు. ఆళ్ళూ వదలాల, నువ్వూ వదలాల. నీ ఎలుతురు ఎవడూ ముయ్యలేడు."

అత్త చాప మీద మోకాళ్ళతో జరిగివచ్చి కాగితం మీదికి వంగింది. పుట్టింటి నడిమిల్లు, అత్తవారి నడిమిల్లు, అద్దెవాటా నడిమిగది, ఆమె బతికిన గదులన్నిటికీ రెండు పక్కలా వేరేవాళ్ళ గోడలే. గోడలో కిటికీ అనేది వీధి వైపో పెరటి వైపో తప్ప పక్కకు ఉండగలదని ఆమె ఊహలోకి ఎన్నడూ రాలేదు. సూది పట్టుకొన్న వేలితో చుక్కల గీతను తడుముతూ, ముందుగది దగ్గర ఆగి, "ఇక్కడ" అన్నది. అంతే అన్నది. పురపాలక కార్యాలయంలో కలాలు ఆపేసిన నా ఉపన్యాసంలో ఆ ఒక్క మాటకు సాటిరాగల వాక్యం లేదు. మనుషుల మధ్య ఎడం పెంచుతుందని నేను మండిపడిన ఆ ఖాళీ జాగా, ఆమె కళ్ళకు కావలసిన వెలుతురు నడిచివచ్చే దారి.

కొత్త ప్లాను గీసిపెట్టమని అత్త అడిగింది. టీస్క్వేరు గారు ఒప్పుకోలేదు. ఓడినవాడు గెలిచినవాళ్ళ పని చేయడం సభామర్యాద కాదట. నేనే గీయాలట, ఆయన చూస్తాడట. ఆపై కళాశాల వదలగానే ఆయన వరండాకు పోయేదాన్ని. గోడకు మందం ఉంటుందని అక్కడే తెలుసుకొన్నాను. (అంతకుముందు నా గోడలు నలుపు దిద్దినంత మందంగా ఉండేవి, అంటే పెన్సిలు అరిగినంత.) మందం వేసేసరికి గదులు చిక్కిపోయాయి. పక్కల జాగా వదిలేసరికి ఇల్లే చిక్కిపోయింది. నడిమిల్లు మొత్తం ఎగిరిపోయింది. నేను ప్రతి గీతకూ వాదించేదాన్ని. ఆయన ప్రతి వాదానికీ ఓడిపోయి, ఆ తర్వాత రబ్బరు అందించేవాడు. అరుగు వంపు మాత్రం ఉండనిమ్మన్నాడు. ఊళ్ళో ఎవరికీ లేదట. చివరికి కింది గీతలు కనబడే పల్చని ట్రేసింగు గుడ్డ మీద నకలు తీసి పూర్తిచేసిన రోజున, మూల చూపించి, "గీసినది" అని రాసి నా పేరు రాయమన్నాడు. రూల్సులో దానికి చోటు లేదు గదా అన్నాను. నేను రూలు గుర్తుచేయడం ఆయనకు వినోదంగా తోచింది. చోటు లేదనే గాని కూడదని లేదన్నాడు. నేను రాశాను. దాని కింద ఆయన, ప్లానంతా పొద్దు వాలేదాకా మరోసారి చూసి, సంతకం చేశాడు.

ముక్కుపొడుం గుమస్తా ఈసారి చుట్ట విప్పాడు. సంతకం చూసి తృప్తిపడి, దాని పైనున్న పేరు దగ్గర ఆగి, ఇదెవరని అడిగాడు. నేనేనన్నాను. ఆయన పొడుం డబ్బీ పక్కన పెట్టి, ప్లానును వెలుతురుకు తిప్పి, మొదటిసారిగా గదులన్నీ వరుసగా చూశాడు. వాళ్ళ పెద్దమ్మాయికి చూపిస్తానని ఒక నకలు అడిగాడు. అనుమతి వేసవికి ముందే వచ్చింది.

వానలు పడేనాటికి పైకప్పు వేయడం పూర్తయింది. గృహప్రవేశానికి మా ఊరివాళ్ళంతా రైలు దిగి వచ్చారు. నాన్న గుమ్మాలు ఒకే వరుసలో లేవని నొచ్చుకొన్నాడు. మామ్మ పాలు కాచి, చల్లార్చి, అలవాటు ప్రకారం రోకలి తీసుకొని పక్కగోడను తట్టి, చెవి ఆనించింది. మళ్ళీ తట్టింది.

"ఇదేటే, ఈ గోడ పలకదు?"

అత్త కిటికీ తలుపులు తెరిచి చూపించింది. అవతల ఉలవచేను పచ్చగా, తడిగా ఉన్నది. చేను గట్టు మీద ఒకామె గొడుగు పట్టుకొని పోతున్నది. మామ్మ ఊచలు పట్టుకొని ఆమెను కేకేసి, ఏ ఊరు, ఎవరి కోడలు, ఇంట్లో పాడి ఉన్నదా అని విచారించింది. సాయంత్రానికి తోడు వచ్చింది, కిటికీలోంచి. ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక టీస్క్వేరు గారు అరుగు వంపులో కూర్చొని నన్ను మళ్ళీ సభకు పిలిచాడు. ఈసారి నేను రూలు పక్షాన మాట్లాడాలట. మాట్లాడాను. గెలిచాను. ఓడిపోయిన ఆయన ఆనందానికి అవధి లేదు. మా సభకు ఈసారి అధ్యక్షురాలు లేదు. ఆమె లోపల మిషను ముందు కూర్చొని, ఎవరినీ పిలవకుండా, సూదిలో దారం ఎక్కించుకొంటున్నది.

ఇప్పటికీ ఏ కొత్త ఇంట్లో అడుగుపెట్టినా ముందుగా నా చూపు పోయేది పక్కగోడల మీదికే. ఉంటాయి. ఒకసారి చేత్తో తట్టి చూసి అప్పుడు కూర్చొంటాను. ఇంటివాళ్ళు దీనిని వయసు తెచ్చిన చాదస్తం అనుకొంటారు, నేను అనుకోనిస్తాను. అప్పుడప్పుడు ఆ అమ్మాయి గుర్తుకొస్తుంది. చంకలో ఖాకీ కాగితం చుట్ట, నోట్లో మూడు ప్రశ్నలు, రెండేసి మెట్లు ఎక్కుతూ, వెనక ఆయాసపడే అత్తను తొందరపెడుతూ, గోడల్లేని ఇంటిని గుండెలకు హత్తుకొని పురపాలక కార్యాలయంలోకి పోతూ ఉంటుంది. ఆపి, చెవిలో గోడల సంగతి చెప్పవచ్చు. చెప్పను. చెబితే మాత్రం వింటుందా? ముందు నన్ను అక్కడే మెట్ల మీద నిలబెట్టి వాదించి ఓడించి, ఆ తర్వాత గాని తలుపు తోయదు.